వెనక కూర్చున్న మనిషి

ఆ సరస్సు మీద తెడ్డక్కని ఎరగని వాళ్లు లేరు. ఆవిడ అసలు పేరు జీతం కాగితాల్లో తప్ప ఇంకెక్కడా వినిపించదు. పన్నెండేళ్లుగా ఆవిడ పని ఒకటే. పొద్దున్నే రేవులో తన కెనూని, అంటే ఇద్దరు ఒకరి వెనక ఒకరు కూర్చునే సన్నటి పడవని, నీళ్లలోకి తోసుకుని, అడవి అంచున అక్కడొకటి ఇక్కడొకటిగా ఉన్న ఎనిమిది మకాంలకీ వంతులవారీగా వెళ్లి రావడం. వాటికి రోడ్డు లేదు, కాలిబాట లేదు. నీళ్ల మీద వెళ్లాల్సిందే. మకాం అంటే గుడారం వేసుకోవడానికి చదును చేసిన జాగా, రాళ్లు పేర్చిన పొయ్యి, వెనక చెట్లలో చెక్కల మరుగుదొడ్డి, అంతే. జనం వస్తారు, రెండు మూడు రోజులు ఉంటారు, పోతారు. వాళ్ల బూడిద ఎత్తడం, వాళ్లు వదిలేసిన సీసాలు ఏరడం, విరిగిన చెక్కలకి మేకులు కొట్టడం ఆవిడ వంతు.

భయమనేది ఆవిడ ఒంట్లో ఉందని ఎవరూ అనుకోలేదు. ఒకసారి ఎలుగుబంటి ఎదురుపడితే బకెట్టు మీద సుత్తితో వాయించి తరిమేసింది. ఆ ఇంట్లో బల్లిని చూసి మంచమెక్కేది ఆవిడ మొగుడు.

ఆ రోజు మబ్బుగా ఉంది. రేవు పక్కనున్న ఆఫీసు గదిలో బల్ల వెనక ఆవిడ సొంత తమ్ముడు కూర్చుని ఉన్నాడు. వచ్చినవాళ్ల పేర్లు రాసుకుని, మకాంలు కేటాయించి, పడవలు అద్దెకిచ్చేది అతనే.

"అక్కా, ఆరో మకాంలో భార్యాభర్తలు ఉన్నారు. మూడు రోజులకని రాయించుకున్నారు, ఇవాళ అయిదో రోజు. ఓసారి చూసొస్తావా?"

"కొత్తగా పెళ్లైనవాళ్లేమోలేరా. రోజులు మర్చిపోయుంటారు."

"నాకు పెళ్లై ఏడేళ్లైంది. నేనొక్క రోజు కూడా మర్చిపోలేదు."

"ఉండు, మరదలికి చెప్తాను," అని ఆవిడ వాకీటాకీ సంచిలో పడేసుకుంది.

"నాలుగో మకాంలో కుట్టు ఫ్యాక్టరీ ఆడవాళ్లు ఎనిమిది మంది దిగారు," అన్నాడు తమ్ముడు. "ఒంటిగంటకల్లా ఖాళీ చేస్తామన్నారు. వాళ్లు పోయాక అటు కూడా చూసుకో. ఒక్కొక్కళ్లూ మైకు మింగినట్టు మాట్లాడుతున్నారు, చెట్ల మీద పిట్టలున్నాయో పోయాయో."

ఆరో మకాం అన్నిటికన్నా దూరం. పెద్ద సరస్సు దాటి, రెండు కొండచరియల మధ్యనున్న ఇరుకులోంచి అవతలికి వెళ్తే, అక్కడ ఇంకో సరస్సు ఉందని కొత్తవాళ్లకి తెలియను కూడా తెలియదు. గంటన్నర తెడ్డు వేస్తే గానీ రాదు. ఆవిడ చేరేసరికి పదకొండు దాటింది.

ఒడ్డున మోకాళ్ల లోతు నీళ్లలో ఒకమ్మాయి నిలబడి ఉంది. ముప్ఫై ఏళ్లుంటాయి. పొడుగు చేతుల చొక్కా మణికట్టు దాకా బొత్తాలు పెట్టుకుంది. పడవ కనిపించగానే ఎదురొచ్చి దాని ముక్కు పట్టుకుంది. సాయం చేస్తోందనుకుంది తెడ్డక్క.

"ఒక్కరే వచ్చారా అక్కా?" గొంతు బాగా తగ్గించి అడిగింది.

"నేనెప్పుడూ ఒక్కదాన్నే వస్తానమ్మా. మీ గడువు అయిపోయింది కదా, ఎలా ఉన్నారో చూసిపోదామని. మీ ఆయనేరీ?"

"పడుకున్నారు." ఆ అమ్మాయి గుడారం వైపు చూసి మళ్లీ పడవ వైపు చూసింది. "దీన్ని ఒక్కరే నడపొచ్చా? బోల్తా పడదూ?"

"ఎందుకు పడుతుంది? ఒక్కళ్లే అయినప్పుడు వెనక కూర్చోకూడదు, ముక్కు పైకి లేచి గాలికి తిరిగిపోతుంది. మధ్యలో మోకాళ్ల మీద కూర్చుని, ఇటు మూడుసార్లు అటు మూడుసార్లు వేసుకుంటూ పోవడమే. మీ పడవలో నేర్చుకోకపోయారా ఈ అయిదు రోజుల్లో?"

వాళ్ల పడవ చెట్టు కింద బోర్లించి ఉంది. తెడ్లు మాత్రం చుట్టుపక్కల లేవు.

"తెడ్లు ఆయన జాగ్రత్త చేశారు," అంది ఆ అమ్మాయి. వెంటనే, "మరుగుదొడ్డి తలుపు ఊడిపోయిందక్కా, కాస్త చూస్తారా?" అంది.

తెడ్డక్క పడవని సగం ఒడ్డుకి లాగి, బకెట్టూ సుత్తీ తీసుకుని పైకి నడిచింది. వాకీటాకీ ఉన్న సంచి పడవలోనే ఉండిపోయింది. పన్నెండేళ్లలో ఎన్నిసార్లు అలా వదిలి వెళ్లలేదు?

తలుపు శుభ్రంగా ఉంది. గడియ కూడా పడుతోంది. ఇదేమిటి అనుకుంటుండగానే కింద నుంచి గులకరాళ్ల మీద పడవ అడుగు రాసుకున్న చప్పుడు వినపడింది. ఆ చప్పుడు ఆవిడ నిద్రలో విన్నా పోల్చుకుంటుంది.

పరుగెత్తుకుంటూ ఒడ్డుకి వచ్చేసరికి పడవ యాభై బారల దూరంలో ఉంది. ఆ అమ్మాయి మధ్యలో, మోకాళ్ల మీద, అచ్చం చెప్పినట్టే కూర్చుని, ఇటు మూడు అటు మూడు వేసుకుంటూ పోతోంది. తెడ్డక్క అరవబోయింది. అంతలో ఆ అమ్మాయి వెనక్కి తిరిగి చూసి, వద్దు వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. అంత దూరం నుంచి కూడా ఆ ముఖంలో భయం కనిపించింది. తెడ్డక్క అరవకుండా ఆగింది.

అప్పుడే ఆవిడ కళ్లు పొయ్యి మీద పడ్డాయి. బూడిదలో నల్లగా వంకర తిరిగి, ఆడవాళ్ల బూట్ల అడుగులు రెండు. పొయ్యిలో పొరపాటున ఒక బూటు పడితే పడొచ్చు. జత పడదు. ఆ అమ్మాయి ఒట్టికాళ్లతో నీళ్లలో ఎందుకు నిలబడిందో, బొత్తాలు మణికట్టు దాకా ఎందుకు పెట్టుకుందో, తెడ్లు 'జాగ్రత్త చేయడం' అంటే ఏమిటో ఒక్కసారిగా బుర్రకెక్కాయి. ఆ వెంటనే ఇంకో సంగతి కూడా ఎక్కింది. ఆ అమ్మాయి పోయింది. ఇక్కడ మిగిలింది తను.

గుడారంలో ఎవరో దగ్గారు.

ఒడ్డున గులకరాళ్ల మధ్య ఇసకలో ఒట్టికాళ్ల గుర్తులు పడవ గాడి పక్కన లోతుగా దిగి ఉన్నాయి. తెడ్డక్క బకెట్టుని వాటి మీదుగా ఈడ్చుకుంటూ వచ్చి పొయ్యి దగ్గర కూర్చుని బూడిద ఎత్తడం మొదలుపెట్టింది. పడవ మలుపు తిరిగి రాతిగుట్ట వెనక్కి పోయింది. అదే క్షణంలో గుడారం జిప్పు సర్రున తెరుచుకుంది.

బయటికొచ్చిన మనిషికి నలభై ఏళ్లుంటాయి. అడవిలో అయిదో రోజు కూడా నున్నగా గడ్డం గీసుకుని, తల దువ్వుకుని ఉన్నాడు. ఆవిణ్ణి చూసి చిరునవ్వు నవ్వాడు.

"ఎవరండీ మీరు?"

"మకాంలు చూసుకునేదాన్నండీ. బూడిద ఎత్తడానికొచ్చాను."

"అలాగా. పాపం, ఎంత దూరం వచ్చారో అక్కగారూ. మా ఆవిడ కనిపించిందా?"

"ఇప్పుడే వెనక బాటలో ఊట వైపు వెళ్లిందండీ, నీళ్లకి." అబద్ధం అంత తేలిగ్గా వస్తుందని ఆవిడకే తెలియదు.

అతను చుట్టూ చూశాడు. "మీ పడవేదీ?"

"మా తమ్ముడు నన్ను దింపేసి పక్క మకాంకి వెళ్లాడు. ఇంకాసేపట్లో వచ్చేస్తాడు."

"మంచిది, మంచిది," అన్నాడు. కట్టెల పక్కనున్న చిన్న గొడ్డలి తీసుకుని ఊట బాట వైపు నడిచాడు. "బంగారం! ఎక్కడున్నావమ్మా?" అని పిలవడం వినిపించింది. కోపంగా పిలిచి ఉంటే తెడ్డక్కకి అంత భయమేసేది కాదు. పసిపిల్లని బువ్వకి పిలిచినట్టు పిలుస్తున్నాడు.

పారిపోదామా అంటే ఎక్కడికి? వెనక కొండ, ముందు నీళ్లు. ఈదితే ఇరుకు దాకా కూడా చేరలేదు, నీళ్లు మంచులా ఉంటాయి. అతని పడవ ఉంది గానీ తెడ్డు లేదు. ఆవిడ చెట్టు కింద ఆకులు, రాళ్ల సందులు గబగబా వెతికింది. ఏమీ దొరకలేదు. పిలుపులు ఆగిపోయాయి. ఆవిడ మళ్లీ వచ్చి బూడిద దగ్గర కూర్చుంది.

అతను తిరిగొచ్చి నేరుగా నీళ్ల దగ్గరికి వెళ్లాడు. వంగి చూశాడు. ఆవిడ బకెట్టు చెరపని గుర్తు ఒకటి మిగిలిపోయింది. బొటనవేలు లోతుగా దిగిన ఒక్క పాదం.

"అక్కగారూ," అన్నాడు లేవకుండానే. "ఎంతసేపైంది?"

"ఏమిటండీ?"

"పడవ తీసుకుని పోయి ఎంతసేపైంది?"

అతను నవ్వుతూనే ఉన్నాడు. "మీ తప్పు కాదులెండి. దానికి మనసు బాగుండదు. మందులు వేసుకోదు. నీళ్లలో పడి చస్తుందేమోనని నా భయం." అలా అంటూ గుడారం వెనక్కి వెళ్లి, కింద పరిచిన పట్టా ఎత్తి రెండు తెడ్లు లాగాడు. రాత్రుళ్లు వాటి మీదే పడుకునేవాడన్నమాట.

"పదండి. మీరు ముందు కూర్చోండి."

"నేనెందుకండీ? మా తమ్ముడు వస్తాడు..."

"మిమ్మల్ని ఒక్కరినీ ఎలా వదిలేస్తాను? ఇద్దరం వేస్తే తొందరగా అందుకుంటాం." చెయ్యి ఆవిడ భుజం మీద వేశాడు. బరువుగా ఏమీ వేయలేదు. కానీ తీయలేదు.

తెడ్డక్క లెక్క వేసుకుంది. ఒక్కడే వెళ్లినా ఈ కండలకి ఆ అమ్మాయిని రేవు చేరకముందే పట్టుకుంటాడు, ఆ మోకాళ్ల మీది నడక ఎంత దూరం సాగుతుంది గనక. సరస్సు మధ్యలో చుట్టూ పురుగు కూడా ఉండదు. తను ఎక్కితే దారి చెప్పేది తను. అయినా ఎక్కనంటే ఊరుకునేలా లేడు. రెండు వైపులా నుయ్యీ గొయ్యే. ఆవిడ ఎక్కింది. గొడ్డలి పడవ అడుగున టంగుమని పడింది.

కెనూలో ముందు కూర్చున్నవాళ్లకి వెనకవాళ్లు కనిపించరు. తిరిగి చూడాలంటే పడవ ఊగుతుంది. పన్నెండేళ్లలో ఆవిడ ఎవరినీ వెనక కూర్చోబెట్టుకోలేదు. ఇప్పుడు ఆ మనిషి ఊపిరి చప్పుడు ఆవిడ మెడ మీద పడుతున్నట్టే ఉంది.

"ఎటు?"

"ఎడమ వైపండీ. దగ్గర దారి."

"వచ్చినప్పుడు కుడి వైపు ఇరుకులోంచి వచ్చాం."

"అది చుట్టు. కొత్తవాళ్లకి అదే చెప్తాం, రాళ్లుండవని. లంక వెనక నుంచి పోతే సగం దూరం కలిసొస్తుంది. మీ ఆవిడ రేవు చేరేలోపు మనమే అక్కడుంటాం."

నిజానికి లంక చుట్టూ తిరిగి పెద్ద సరస్సులో కలిసే ఆ పాయే రెండింతల దూరం. కానీ ఆ దారిలో నాలుగో మకాం ఉంది. ఎనిమిది మంది ఆడవాళ్లు. ఒంటిగంటకి ఖాళీ చేస్తారు. ఇప్పుడు పన్నెండు దాటింది. దేవుడా, ఆ మైకు మింగిన గొంతులు ఇంకా అక్కడే ఉండాలి.

ఆవిడ తెడ్డు వేస్తూ పోయింది. మామూలుగా పాట పాడుకుంటూ వేసే చేతులు, ఇప్పుడు కట్టెల్లా అయిపోయాయి. వెనక తెడ్డు చప్పుడు క్రమం తప్పకుండా పడుతోంది. ఆ చప్పుడు ఉన్నంతసేపూ అతని చేతులు తెడ్డు మీద ఉన్నట్టే. అందుకని ఆవిడ ఆ చప్పుడునే లెక్కపెట్టుకోసాగింది.

అతను మాట్లాడుతూనే ఉన్నాడు. "పెళ్లైన కొత్తలో ఇలా ఉండేది కాదండీ. వాళ్లక్క చెడగొట్టింది. ఫోన్లు, మాటలు. అందుకే ఫోన్లు లేని చోటికి తీసుకొచ్చాను. నాలుగు రోజులు ప్రశాంతంగా ఉంటే దారిలోకొస్తుందని. మీరైనా చెప్పండి, మొగుడు భార్య మంచి కోరడూ?"

"కోరతాడండీ," అంది తెడ్డక్క. ఇంకేమంటుంది?

"మీతో ఏమైనా చెప్పిందా?"

"ఏమీ చెప్పలేదండీ."

"ఏమీ చెప్పకుండానే మీరు నాతో అబద్ధం ఆడారా?"

వెనక తెడ్డు ఆగిపోయింది.

పడవ తనంతట తను జారుతోంది. ఒక్క చప్పుడు లేదు. తెడ్డు చివర నుంచి రాలే చుక్కలు కూడా వినిపిస్తున్నాయి. అడుగున ఇనుము చెక్కకి గీసుకున్నట్టయింది. కాలు జరిగి తగిలిందో, చేత్తో తీశాడో తెలియదు. తిరిగి చూడాలని మెడ పీకుతోంది. చూస్తే భయపడ్డానని తెలిసిపోతుంది. చేతులు మాత్రం, వాటికేదో సొంత బుద్ధి ఉన్నట్టు, తెడ్డు వేస్తూనే ఉన్నాయి.

"భయమేసిందండీ," అంది. "పడవ పోతే జీతంలో కోస్తారు. మా తమ్ముడికి తెలిస్తే తిడతాడు. అందుకని అలా అన్నాను."

అతను చిన్నగా నవ్వాడు. తెడ్డు మళ్లీ నీళ్లలో పడింది.

లంక చివర తిరిగితే నాలుగో మకాం కనిపించాలి. ఆవిడ కళ్లు పొగ కోసం వెతికాయి. పొగ లేదు. ఒడ్డున గుడారాలు లేవు. రంగు బట్టలు లేవు. వెళ్లిపోయారు. ఇక ముందు రేవు దాకా ఒక్క మనిషి ఉండడు. గంటకు పైనే ప్రయాణం, ఈ మనిషి వెనక.

అప్పుడు గిన్నెలు దొర్లిన మోత వినపడింది. ఆ వెంటనే ఒక గొంతు: "ఓసి దాని మొహం మండా, మూతలన్నీ నా సంచిలోనే కుక్కిందే!" గుప్పున నవ్వులు.

రెల్లు చాటున నాలుగు పడవలు నీళ్లలోకి దించి, సామాను ఎక్కిస్తున్నారు ఎనిమిది మంది. తెడ్డక్క కళ్లు చెమర్చాయి.

"ఎవరు వీళ్లు?" అన్నాడు వెనక మనిషి.

"ఏమోనండీ, జనం. మీ ఆవిడని చూశారేమో అడుగుదాం." అతను జవాబు చెప్పేలోపే ఆవిడ నాలుగు తెడ్లు బలంగా వేసి పడవ ముక్కుని ఒడ్డుకెక్కించింది. దిగింది. నీళ్లలోనే కూలబడింది.

"అయ్యో, తెడ్డక్క కదూ!" అంటూ భారీ మనిషి ఒకావిడ వచ్చి రెక్క పట్టుకుని లేపింది. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరట, తరవాత తెలిసింది. "ఏమైంది, ఇలా వణుకుతున్నారు?"

"ఎండదెబ్బ అనుకుంటానండీ," అన్నాడతను పడవలోంచి, మర్యాదగా. "రేవులో దింపేస్తాను. ఎక్కండి అక్కగారూ."

ఆకాశంలో ఎండన్నదే లేదు. తెడ్డక్క సూపర్‌వైజరు చెయ్యి వదల్లేదు. ఏదైనా తెలివైన మాట చెప్పాలని చూసింది, రాలేదు. వచ్చింది ఒకటే.

"నన్ను ఆయనతో పంపకండి."

నవ్వులు ఆగిపోయాయి. ఎనిమిది మందీ ఆవిణ్ణి చూశారు, అతన్ని చూశారు, పడవ అడుగున గొడ్డలిని చూశారు. ఒకావిడ చేతిలోని చపాతీ పెనం కింద పెట్టబోయి, పెట్టకుండా ఆగింది. సూపర్‌వైజరు తెడ్డక్కని వెనక్కి జరిపి తను ముందుకొచ్చింది.

"ఈవిడ మాతో వస్తుందిలే అయ్యా. మీరు వెళ్లండి."

"మీకు విషయం తెలియదమ్మా..."

"తెలియక్కర్లేదు. వెళ్లండి."

మొదటిసారి అతని నవ్వు పోయింది. నవ్వు లేని ఆ ముఖాన్ని తెడ్డక్క ఒక్క క్షణమే చూసింది, చాలు. అతను తెడ్డుతో ఒడ్డుని నెట్టి పడవ తిప్పుకుని వెళ్లిపోయాడు.

"వాళ్లావిడ ఒక్కతే పోతోంది రేవుకి," అని తెడ్డక్క జరిగినదంతా గడగడా చెప్పేసింది. ఆ ఎనిమిది మంది ఫోన్లలో ఒక్కటీ అక్కడ పని చేయదు. చేయగలిగింది తెడ్లు వేయడమే. అంతసేపూ తెడ్డక్క ముందు సీట్లో కాకుండా పడవ మధ్యలో, మూటల మధ్య కూర్చుని, వెనక తెడ్డు వేస్తున్న ఫ్యాక్టరీ ఆవిణ్ణి పదే పదే తిరిగి చూసుకుంది.

అవతల, తెడ్డక్క పడవ తీసుకుపోయిన అమ్మాయి రేవు చేరింది. ఇరుకులో కొండచరియకి కొట్టుకుని పడవలోకి నీళ్లొచ్చినా, గిన్నె లేక దోసిళ్లతో తోడి పోసుకుంటూ చేరింది. తెడ్డక్క తమ్ముడు ఆమెని ఆఫీసు గదిలో కూర్చోబెట్టి, తలుపేసి, పోలీసులకి ఫోను చేశాడు. ఆ మనిషి వచ్చేసరికి ఇద్దరు కానిస్టేబుళ్లు రేవులో నిలబడి ఉన్నారు. అతను దిగి, తల దువ్వుకుని, "మా ఆవిడ ఇక్కడికేమైనా వచ్చిందాండీ?" అని అడిగాడట, తప్పిపోయిన గొడుగు గురించి అడిగినట్టు.

తెడ్డక్క వచ్చేసరికి అతన్ని తీసుకుపోయారు. గదిలో ఆ అమ్మాయి, తెడ్డక్క తమ్ముడిచ్చిన కోటు కప్పుకుని, ముట్టుకోని టీ ముందు కూర్చుని ఉంది. చొక్కా చేతులు పైకి మడిచి ఉన్నాయి, మణికట్ల నుంచి మోచేతుల దాకా పచ్చగా, నల్లగా కమిలిన గుర్తులు.

ఆవిణ్ణి చూడగానే లేచింది. "మీకేమవుతుందో తెలిసే తీసుకెళ్లాను," అంది. "తెలియదని చెప్పను."

దారి పొడుగునా తెడ్డక్క ఈ అమ్మాయిని ఎన్ని తిట్లు తిట్టుకుందో లెక్కలేదు. చెంప పగలగొట్టాలని కూడా అనుకుంది. ఇప్పుడు ఆ చేతులు చూశాక తిట్లు నోటిదాకా రాలేదు. కానీ కోపం పోలేదు. కళ్ల నిండా నీళ్లతో పాటు అదీ ఉంది.

"నన్ను అడిగి ఉండొచ్చు కదే," అంది. "అడిగితే ఇద్దరం కలిసి వెళ్లిపోయేవాళ్లం. పడవలో ఇద్దరికి చోటుంది."

ఆ అమ్మాయి ఆవిడ వైపు అలాగే చూసింది. ఆ మాట ఏ భాషలోదో అర్థం కానట్టు చూసింది. చివరికి, "ఆ ఆలోచనే రాలేదక్కా," అంది. "ఎవరినైనా అడగొచ్చని గుర్తే లేదు."

సాయంత్రం ఆ అమ్మాయి సొంత అక్క వచ్చి తీసుకెళ్లింది. కేసు నడుస్తోంది. తెడ్డక్క రెండుసార్లు వెళ్లి సాక్ష్యం చెప్పింది. అతను రెండుసార్లూ ఆవిణ్ణి చూసి మర్యాదగా తల ఊపాడు.

ఇదంతా జరిగిన రోజు నుంచి తొమ్మిది రోజులు ఆవిడ నీళ్ల జోలికి పోలేదు. ఇంట్లో మొగుడు వెనక నుంచి వచ్చి డబ్బా అందుకోబోతే చేతిలో గిన్నె జారవిడిచింది. పదో రోజు పడవ దించింది. రెండో మకాం దాకా వెళ్లి, ఒడ్డున ఒక గుడారం మూసి ఉండటం చూసి, దిగకుండానే వెనక్కి తిప్పుకుని వచ్చేసింది. తమ్ముడు బల్ల వెనక నుంచి చూశాడు. ఎప్పుడూ ఏదో ఒక జోకు వేసేవాడు, ఆ రోజు మాత్రం లేచి వచ్చి పడవ ఒడ్డుకి లాగడంలో ఒక చెయ్యి వేశాడు.

"రేపు నేనూ వస్తానక్కా," అన్నాడు.

"ఆఫీసు ఎవరు చూస్తారు?"

"తాళం చూస్తుంది."

మర్నాడు ఇద్దరూ బయల్దేరారు. తమ్ముణ్ణి ముందు కూర్చోబెట్టి, ఆవిడ వెనక కూర్చుంది.